రాళ్ళెక్కాలి, రోజూ ఆఫీసుకూ వెళ్ళాలి: ఒకే బండితో అవుతుందా?

రాతిబాట
పాత బండి అమ్మేశాను. అది పూర్తిగా రాళ్ళ కోసమే కట్టుకున్నది, రోడ్డు మీదకి రావాలంటే ట్రెయిలర్ ఉండాల్సిందే. ఏడాదికి నాలుగైదు సార్లు బయటికి తీస్తే ఎక్కువ. ఈసారి అలా వద్దు. ఒకే బండి కావాలి. వారంలో ఐదు రోజులు ఆఫీసుకి, పోనూ రానూ 60 కిలోమీటర్లు, అందులో సగం హైవే. సెలవు రోజున అదే బండి రాళ్ళ మీదకి వెళ్ళాలి.

బేస్ దాదాపు ఖాయం చేసుకున్నాను. 2005 జీప్ రాంగ్లర్ అన్‌లిమిటెడ్ రూబికాన్, రెండు తలుపుల పొడుగు మోడల్. 4.0 లీటర్ ఆరు సిలిండర్ల ఇంజిన్, ఆరు గేర్ల మాన్యువల్. ప్లాన్ ఇదీ: 6 అంగుళాల లిఫ్ట్ (సస్పెన్షన్ ఎత్తు పెంచడం), 37 అంగుళాల టైర్లు, ముందూ వెనకా డానా 60 యాక్సిళ్ళు (బాగా బరువైన, గట్టి రకం), లోపల పూర్తి కేజ్ (బోల్తా పడితే కాపాడే గొట్టాల చట్రం). ఎక్కడ తప్పటడుగు వేస్తున్నానో మొహమాటం లేకుండా చెప్పండి. ఇంకా ఒక్క బోల్టు కూడా విప్పలేదు.

ఇరుసు_మామ
6 అంగుళాల లిఫ్ట్ దగ్గరే ఆగు తమ్ముడూ. లిఫ్ట్ వేస్తే పైకి లేచేది బాడీ, ఛాసిస్. డిఫ్ గుండు (యాక్సిల్ నడుమ గేర్లుండే భాగం) ఎక్కడుందో అక్కడే ఉంటుంది, రాయి ముందు తగిలేదేమో దానికే. యాక్సిల్‌ని నేల మీద నుంచి లేపేది టైరు ఒక్కటే, అదీ పెరిగిన సైజులో సగం. బండితో వచ్చే 31 నుంచి 35కి వెళ్తే 2 అంగుళాలు, అంటే 50 మిల్లీమీటర్లు. అక్కడి నుంచి 37కి వెళ్తే ఇంకో 25 మిల్లీమీటర్లు. ఆ 25 కోసం రోజూ హైవే మీద ఎంత బరువు మోయాలో చూసుకో.

ఫెండర్లు (చక్రాల పైని రేకులు) కోసి 3 నుంచి 4 అంగుళాల లిఫ్ట్‌లో 35 టైర్లు పట్టించు. బరువు కిందే ఉంటుంది. పక్కవాటు రాయి మీద బండి ఒరిగినప్పుడు నిన్ను నిలబెట్టేది అదే.

ముప్పైఏడు
మామ లెక్క కాదనను. కానీ మెట్టులా నిలువుగా ఉన్న రాయి ఎదురైతే టైరు ఎంత పెద్దదైతే అంత తేలిగ్గా అంచు పట్టుకుంటుంది. నేను 35తో మూడుసార్లు ఆగిపోయిన చోట 37తో మొదటిసారికే ఎక్కాను. ఇప్పుడు 35 వేసుకుంటే రెండేళ్ళకి మళ్ళీ అన్నీ విప్పాల్సొస్తుంది.

గ్రీజు_చేతులు
@ముప్పైఏడు మీ బండి రోజూ రోడ్డు మీద తిరుగుతుందా?

ముప్పైఏడు
లేదు. ట్రెయిలర్ మీదే వెళ్తుంది.

గ్రీజు_చేతులు
మరి ఈయన రోజూ తిప్పాలి కదా. తేడా అక్కడే వస్తుంది.

నేను సరిగ్గా ఇదే ప్లాన్‌తో వెళ్ళాను, 6 అంగుళాలు, 37 టైర్లు. ఒకరోజు పొద్దున హైవే మీద 80లో వెళ్తుంటే, వంతెన అతుకు మీద ముందు చక్రం ఎగిరింది. అంతే, స్టీరింగ్ చేతుల్లోంచి లాక్కున్నట్టు అటూ ఇటూ కొట్టుకోవడం మొదలుపెట్టింది. డాష్‌బోర్డు మొత్తం ఊగుతోంది, అద్దంలో వెనక బండి కనిపించడం లేదు. బ్రేకు గట్టిగా తొక్కకుండా, స్టీరింగ్ పట్టుకుని వేగం దానంతట అదే తగ్గేదాకా ఓపిక పట్టాను. 40కి వచ్చాక ఆగింది. పక్కన ఆపి దిగితే కాళ్ళు వణికాయి.

దీన్నే డెత్ వాబుల్ అంటారు. అందరూ స్టీరింగ్ డాంపర్ (స్టీరింగ్ ఊపుని అణిచే చిన్న షాక్) మార్చమన్నారు. మార్చాను, రెండు వారాల్లో మళ్ళీ వచ్చింది. డాంపర్ జబ్బుని దాచిపెడుతుంది, నయం చెయ్యదు. చివరికి ఒకరిని లోపల కూర్చోబెట్టి, ఇంజిన్ ఆన్‌లో ఉండగా స్టీరింగ్ కొంచెం కొంచెం అటూ ఇటూ తిప్పమని, నేను కింద పడుకుని టార్చి వేసి చూశాను. ట్రాక్ బార్ (యాక్సిల్ పక్కకి జరగకుండా పట్టే కడ్డీ) బోల్టు దాని రంధ్రంలో కదులుతోంది. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. దానికి తోడు లిఫ్ట్ వల్ల కాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం, బండిని తిన్నగా ఉంచేది అదే) బాగా పడిపోయింది. బ్రాకెట్‌కి కొత్త ప్లేటు వెల్డ్ చేయించి, కంట్రోల్ ఆర్మ్స్ (యాక్సిల్‌ని ఛాసిస్‌కి కలిపే కడ్డీలు) పొడవు సరిచేసి కాస్టర్ మళ్ళీ పెంచాక గానీ దారికి రాలేదు.

కాబట్టి లిఫ్ట్ ఎంత తక్కువైతే స్టీరింగ్ కోణాలు అంత తక్కువ చెడతాయి. ట్రాక్ బార్, డ్రాగ్ లింక్ (స్టీరింగ్ నుంచి చక్రానికి వెళ్ళే కడ్డీ) రెండూ ఒకే వాలులో ఉండేలా చూసుకో. లేకపోతే ప్రతి గతుక్కీ బండి దానిష్టం వచ్చినట్టు తిరుగుతుంది.

రాతిబాట
వంతెన అతుకు సంగతి చదివాక 6 అంగుళాల మీద మోజు పోయింది. నా దారిలో అలాంటివి రెండున్నాయి.

లోగేర్
అందరూ టైరు, ఎత్తు అంటున్నారు, గేరు మాట ఎవరూ ఎత్తలేదు. రాళ్ళ మీద సగం పని గేర్లదే.

నీ బండిలో మొదటి గేరు 4.46, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక యాక్సిళ్ళకి బలం పంచే గేరుపెట్టె) లో-రేంజ్ 4, యాక్సిల్ గేరు 4.10. మూడూ గుణిస్తే 73. యాక్సిల్ గేరు మార్చకుండా 35 వేస్తే హైవేలో ఆరో గేరు పనికిరాదు, స్పీడోమీటర్ 100 చూపిస్తే నిజానికి 113లో ఉంటావు. 4.88 వేసుకో. లో రేంజ్‌లో 87 వస్తుంది. ఐడిల్‌లో, అంటే ఇంజిన్ నిమిషానికి 700 చుట్ల దగ్గర, బండి గంటకి ఒకటింపావు, ఒకటిన్నర కిలోమీటర్ల మధ్య పాకుతుంది. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకుండా రాయి ఎక్కొచ్చు. హైవేలో 100 దగ్గర ఆరో గేరులో ఇంజిన్ దాదాపు 2,500 తిరుగుతుంది. ఆ 4.0 ఇంజిన్‌కి అది హాయిగా ఉండే చోటు.

కొత్తడ్రైవర్
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఆ 73, 87 అంటే ఏంటి?

లోగేర్
ఏమీ అనుకోం, అడగాల్సిన ప్రశ్నే. చక్రం ఒక్క చుట్టు తిరగడానికి ఇంజిన్ ఎన్ని చుట్లు తిరగాలో ఆ సంఖ్య. 87 అంటే ఇంజిన్ 87 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి. సంఖ్య పెద్దదైతే వేగం తగ్గుతుంది, చక్రం దగ్గర బలం పెరుగుతుంది. దిగేటప్పుడు కూడా ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు మీద ఆధారపడక్కర్లేదు.

చిట్టిబండి
అంత బండి అవసరమా అసలు? ఇప్పటి సుజుకి జిమ్నీకి కూడా లాడర్ ఛాసిస్, ముందూ వెనకా సాలిడ్ యాక్సిళ్ళు ఉన్నాయి. చిన్నదాని వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2,250 మిల్లీమీటర్లు, బరువు టన్ను దాటి కొంచెం. పెద్ద జీపులు ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు తిప్పుకునే రాళ్ళ సందులోంచి నేను ఒక్కసారికే బయటికొస్తాను. రోజూ తిప్పడానికి దీనికి మించింది లేదు.

లోగేర్
బరువు విషయంలో ఒప్పుకుంటాను. కానీ మాన్యువల్ జిమ్నీ లెక్క 4.425 × 2.002 × 4.09, అంటే 36. రాయి మీద ప్రతిసారీ క్లచ్ కాలాల్సిందే.

చిట్టిబండి
ట్రాన్స్‌ఫర్ కేస్ లోపలి గేర్లు మార్చుకున్నాను. ఇప్పుడు క్లచ్ ముట్టుకోకుండానే ఎక్కుతున్నాను 🙂

ముప్పైఏడు
వీల్‌బేస్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. నాలుగు తలుపులది తీసుకుంటే ఇంటికి, రాళ్ళకి రెండింటికీ సరిపోదా?

లోగేర్
బండి పొట్ట నేలకి 400 మిల్లీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. 2,373 వీల్‌బేస్ ఉన్న పొట్టి రాంగ్లర్‌కి మధ్యలో దాటే కోణం (పొట్ట తగలకుండా దాటగలిగే గుట్ట వాలు) సుమారు 37 డిగ్రీలు. ఈయన అన్‌లిమిటెడ్ 2,626, దానికి 34. తర్వాతి తరం నాలుగు తలుపులది 2,946, దానికి 30. అన్‌లిమిటెడ్‌తో సమానం కావాలంటే నాలుగు తలుపులదాన్ని ఇంకో 50 మిల్లీమీటర్లు లేపాలి, మళ్ళీ ఎత్తు గొడవ మొదటికొస్తుంది.

అలాగని పొట్టిదే మేలు అనను. నిటారు మెట్టు ఎక్కేటప్పుడు పొట్టి బండి ముక్కు గాల్లోకి లేస్తుంది, వెనక్కి పడిపోతామేమో అనిపిస్తుంది. పొడుగుది నిలకడగా ఎక్కుతుంది. నడిమి పొడవు తీసుకున్నాడు కాబట్టి ఈయన ఎంపిక నాకు నచ్చింది.

ఇరుసు_మామ
ఇక డానా 60 సంగతి. 35 టైర్ల కింద 60 వేస్తే గుండు పెద్దది, కిందికి వేలాడుతుంది. టైరు పెంచి సంపాదించిన ఎత్తు అక్కడే పోతుంది. దానికి తోడు స్ప్రింగుల కింద ఉండే బరువు ఎక్కువైతే రోడ్డు మీద ప్రతి గతుకూ నడుముకి తెలుస్తుంది.

రూబికాన్‌లో ముందూ వెనకా డానా 44లే వస్తాయి, రెండింటిలోనూ లాకర్లున్నాయి (రెండు చక్రాలనీ కలిపి తిప్పేవి). కానీ ఒక మెలిక ఉంది. ముందు యాక్సిల్‌లో నడిమి భాగమే 44ది. బాల్ జాయింట్లు, నకిల్స్ (చక్రం పక్కకి తిరిగే కీళ్ళు) చిన్న రకమైన డానా 30వే. 35 టైర్లకి ఆ చివరలే ముందు అరుగుతాయి. మంచి బాల్ జాయింట్లు, క్రోమోలీ (గట్టి ఉక్కు) షాఫ్టులు వేసుకుంటే చాలా కాలం పోతుంది. ఇంకో మేలు, రూబికాన్ ట్రాన్స్‌ఫర్ కేస్‌కి వెనక ఫిక్స్‌డ్ యోక్ (ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని పట్టే, జారని కొన) ఉంటుంది. మామూలు మోడళ్ళలో లిఫ్ట్ వేశాక ప్రొపెల్లర్ షాఫ్ట్ వణుకు తగ్గడానికి స్లిప్ యోక్ (ముందుకీ వెనక్కీ జారే రకం) మార్చాలి. నీకు ఆ పని తప్పింది.

గ్రీజు_చేతులు
షాఫ్ట్ విరిగే చప్పుడు ఒక్కసారి వింటే మర్చిపోలేం. స్టీరింగ్ చివరిదాకా తిప్పి, లాకర్ వేసి, యాక్సిలరేటర్ తొక్కితే తుపాకి పేలినట్టు వినిపిస్తుంది. ఎక్కువసార్లు పోయేది ఆ చివరున్న క్రాసే (షాఫ్టు వంగే కీలు). చక్రం పూర్తిగా తిరిగి ఉన్నప్పుడు కాలు పైకి తీసెయ్యి, ఆ ఒక్క అలవాటు చాలు.

వెల్డింగ్_అక్క
రెండు రోజులుగా చదువుతున్నాను. కేజ్ గురించి ఎవరూ మాట్లాడలేదు. ముందు ఒక ప్రశ్న. వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు?

రాతిబాట
మా పాప అక్కా. ఆరేళ్ళు. స్కూలు నా దారిలోనే, పొద్దున నేనే దింపుతాను.

వెల్డింగ్_అక్క
ఈ సంగతి మొదట్లోనే చెప్పాల్సింది. పూర్తి కేజ్ అంటే తల చుట్టూ ఇనుప గొట్టాలు. రాళ్ళ మీద హెల్మెట్ ఉంటుంది, ఐదు పాయింట్ల బెల్టు ఉంటుంది. రోజూ స్కూలుకి వెళ్ళేటప్పుడు అవి ఉండవు. వెనక నుంచి ఎవరైనా గుద్దితే మామూలు బెల్టులో మనిషి చాలా కదులుతాడు, పక్కనున్న గొట్టానికి తల తగులుతుంది. బండి బోల్తా పడినప్పుడు కాపాడాల్సిన ఇనుమే చిన్న గుద్దుడులో దెబ్బ తీస్తుంది. మెత్తటి స్పాంజి చుట్టినంత మాత్రాన సరిపోదు, రేసు బండ్లకి వాడే గట్టి రకం ప్యాడింగ్ వేరే ఉంటుంది.

నేనైతే కంపెనీ ఇచ్చిన స్పోర్ట్ బార్ (సీట్ల పైన ఉండే గొట్టాలు) అలాగే ఉంచుతాను. ముందు భాగంలో అద్దం ఫ్రేముని అంటిపెట్టుకుని వెళ్ళే గొట్టాలు రెండు కలుపుతాను. పాప సీటు చుట్టూ కొత్త గొట్టం ఒక్కటి కూడా పెట్టను. బెల్టు పెట్టుకుని కూర్చుని తల అన్ని వైపులా వంచి చూడు. ఎక్కడ తగిలేలా ఉంటే అక్కడ గొట్టం ఉండకూడదు.

ఇనుము కిందపెట్టు. పక్కల స్లైడర్లు (తలుపుల కింద రాళ్ళ దెబ్బ కాచే గొట్టాలు) ఛాసిస్‌కి పట్టించు, బాడీకి కాదు. బండి బరువంతా ఒక వైపు వాటి మీదే వాలుతుంది. పెట్రోలు ట్యాంకుకీ, ట్రాన్స్‌ఫర్ కేస్‌కీ మందమైన ప్లేట్లు వెయ్యి. ఛాసిస్ మీద అడ్డంగా వెల్డ్ వెయ్యనివ్వకు, ముందు ప్లేటు పెట్టి దాని మీద గొట్టం అతికించాలి. వెల్డ్ చేసేటప్పుడు బ్యాటరీ తీగ తప్పకుండా తీసెయ్యి.

ముప్పైఏడు
పాప సంగతి ముందే తెలిస్తే 37 మాట ఎత్తేవాడినే కాదు. 35 టైరే రిమ్ముతో కలిపి ఒక్కోటీ 40 కిలోల దాకా ఉంటుంది, ఆపడానికి కంపెనీ బ్రేకులు చాలవు. లిఫ్ట్ కన్నా ముందు పెద్ద డిస్కులు, మంచి ప్యాడ్లు వెయ్యి.

కొత్తడ్రైవర్
లాకర్ రోడ్డు మీద కూడా వేసుకోవచ్చా?

ఇరుసు_మామ
వద్దు. లాకర్ వేస్తే ఒకే యాక్సిల్ మీది రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, అది కుదరదు కాబట్టి టైరు ఈడ్చుకుపోతుంది. రూబికాన్‌లో లో రేంజ్‌లో ఉంటేనే లాకర్ పడుతుంది, అది మంచిదే. నా పాత బండికి వెనక ఆటోమేటిక్ లాకర్ ఉండేది. వర్షంలో మలుపు తిరుగుతూ కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చానో లేదో వెనక భాగం పక్కకి జారింది. పాప కూర్చునే బండికి స్విచ్‌తో పడే లాకర్ ఉన్నదే సరైనది.

రాతిబాట
ఇదంతా చదివి ప్లాన్ మొత్తం తిరగరాశాను. 35 టైర్లు, 3 అంగుళాల లిఫ్ట్, కోసిన ఫెండర్లు. ఉన్న డానా 44లే, 4.88 గేర్లు, కొత్త బాల్ జాయింట్లు, ముందు క్రోమోలీ షాఫ్టులు. పెద్ద బ్రేకులు. స్లైడర్లు, పొట్ట కింద ప్లేట్లు. కేజ్ అక్క చెప్పినట్టే. బీడ్‌లాక్ రిమ్ముల (టైరు అంచుని రింగుతో బిగించేవి) గురించే తేల్చుకోలేకపోతున్నాను.

చిట్టిబండి
బీడ్‌లాక్ లేకపోయినా రాళ్ళ మీద టైరు గాలి 12 నుంచి 15 పీఎస్‌ఐ దాకా దించొచ్చు. నీ రాళ్ళకి అది చాలు. బీడ్‌లాక్ ఉంటే 8 కన్నా కిందికి వెళ్ళొచ్చు, కానీ ఆ రింగు బోల్టులు పదే పదే బిగుతు చూసుకోవాలి. రోజూ 60 కిలోమీటర్లు తిరిగే బండికి ఆ పని పెట్టుకోకు. అందరూ వాటిని రోడ్డు మీద ఒప్పుకోరు కూడా, వేసే ముందు కనుక్కోవాలి.

లోగేర్
రోడ్డు మీద గాలి ఎంత పెట్టాలో తలుపు మీది స్టిక్కర్ చూడకు, అది పాత టైర్లకి. టైరు మీద అడ్డంగా సుద్దముక్కతో లావు గీత గీసి, తిన్నగా కొంచెం దూరం నడుపు. గీత నడిమధ్య మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లోనే చెరిగితే తక్కువ. వెడల్పంతా సమానంగా చెరిగితే సరిపోయినట్టు.

గ్రీజు_చేతులు
కొత్త షాకులు, స్ప్రింగులు బిగించే ముందు ఒక పని చెయ్యి. స్ప్రింగులు తీసేసి, ఒక వైపు చక్రాన్ని జాకీతో పూర్తిగా పైకి, రెండో వైపు పూర్తిగా కిందికి పెట్టి, స్టీరింగ్ అటూ ఇటూ చివరిదాకా తిప్పి చూడు. ఏది దేనికి తగులుతుందో షెడ్డులోనే తెలుస్తుంది. బ్రేకు గొట్టాలు మరీ మరీ చూడు.

వెల్డింగ్_అక్క
డిఫ్‌ల గాలి గొట్టాలు కూడా పైకి పొడిగించుకో. వేడెక్కిన డిఫ్ చల్లటి నీళ్ళలో దిగితే లోపలికి నీళ్ళు లాగేస్తుంది. ఆయిల్ తెల్లగా నురగలా వచ్చిందంటే బేరింగుల ఆయుష్షు తగ్గినట్టే.

ఇరుసు_మామ
వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) బండి బరువుకి కనీసం ఒకటిన్నర రెట్లు లాగేది తీసుకో. లాగించుకునేటప్పుడు తాడు ట్రెయిలర్ బాల్‌కి (ట్రెయిలర్ తగిలించే గుండు) ఎప్పుడూ తగిలించకు. అది విరిగి ఎగిరి మనుషులు చనిపోయిన సంఘటనలున్నాయి. ఛాసిస్‌కి బోల్టులతో పట్టిన హుక్కులు ముందు రెండు, వెనక రెండు పెట్టు.

రాతిబాట
మూడు నెలల తర్వాత మళ్ళీ వచ్చాను. బండి తిరుగుతోంది.

@గ్రీజు_చేతులు, స్ప్రింగులు తీసి చూడమన్నది మీరే కదా. ఎడమ ముందు చక్రం పూర్తిగా కిందికి జారినప్పుడు బ్రేకు గొట్టం వీణ తీగలా బిగుసుకుపోయింది. వేలితో మీటితే మోగేలా ఉంది. అది చూడకుండా రాళ్ళ మీదకి వెళ్ళుంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. పొడుగు గొట్టాలు వేశాను.

గత ఆదివారం మొదటిసారి రాళ్ళ మీదకి తీసుకెళ్ళాను. లో రేంజ్, మొదటి గేరు, కాళ్ళు రెండూ కింద పెట్టేశాను. ముందు టైరు రాయి అంచుకి ఆని, మెత్తబడి, దాన్ని పట్టుకుని, బండి దానంతట అదే లేచింది. ఎదురుగా నిలబడి దారి చూపిస్తున్న నా స్నేహితుడు చేయి ఎత్తి ఆపమన్నాడు, బ్రేకు తొక్కితే అక్కడే నిలిచింది. సోమవారం అదే బండిలో పాప స్కూలుకి వెళ్ళింది. వంతెన అతుకు మీద 80లో స్టీరింగ్ కదల్లేదు.

ఒక్కటే మిగిలింది. కుడివైపు పూర్తిగా తిప్పితే ముందు నుంచి గరగరమని రాపిడి శబ్దం. పార్కింగులో తిప్పినప్పుడే వస్తుంది.

ముప్పైఏడు
టైరు లోపలి అంచు చూడు, ఏమైనా మెరుస్తోందా?

రాతిబాట
చూశాను. ఒక చోట రబ్బరు నున్నగా మెరుస్తోంది. కింది కంట్రోల్ ఆర్మ్ మీద నల్లటి గీత ఉంది.

ముప్పైఏడు
అయితే టైరు ఆ ఆర్మ్‌కే రాసుకుంటోంది. నకిల్ దగ్గర స్టీరింగ్ ఆపే బోల్టు ఉంటుంది. దాన్ని విప్పి కింద వాషర్లు వెయ్యి. రెండు వైపులా సమానంగా వెయ్యి. తిరిగే కోణం కొంచెం తగ్గుతుంది, అంతే.

రాతిబాట
చెరో రెండు వాషర్లు వేశాను. శబ్దం పోయింది.